బడి గోడలో మన చేయి, బడి కాగితం మీద మన సంతకం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మహాసభలో మన మాటలన్నీ పొదుపు, అప్పు, కంతు, స్త్రీనిధి, బ్యాంకు లింకేజి చుట్టూ తిరుగుతాయి. అవి కావాల్సిందే, కాదనను. ఈసారి నన్ను బడి గురించి మాట్లాడమన్నారు. ఎందుకంటే మా ఊరి బడికి ఒక గది కట్టే విషయంలో మా సంఘాలు ఏడాదిగా పట్టుబట్టి ఉన్నాయి. ఆ గది ఇంకా లేవలేదు. లేవకముందే ఏం మాట్లాడతావు అని మా యానిమేటరు కూడా అనింది. గది లేచినాక మాట్లాడితే గోడల రంగు గురించి, రిబ్బను ఎవరు కత్తిరించారు అనేదాని గురించి మాట్లాడతాం. లేవకముందు మాట్లాడితేనే దేంతో కట్టాలి, ఎవరు కట్టాలి, ఎవరు సంతకం పెట్టాలి అని అడగొచ్చు.

మాది ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, పక్కన ఒక రేకుల షెడ్డు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ షెడ్డు కిందే. మార్చి వచ్చిందంటే పది గంటలకే రేకు కాలి, లోపల ఊపిరాడదు. టీచరమ్మ పిల్లల్ని తోలుకొని వేపచెట్టు కిందికి వస్తుంది. చెట్టు కింద కూర్చోబెడితే బోర్డు ఉండదు, పక్కన పోయే ట్రాక్టరును చూసే పిల్లలే ఎక్కువ. వాన పడితే ఇంకో కథ. రేకు మీద చప్పుడుకు టీచరు మాట పిల్లలకు వినపడదు.

పోయిన సంవత్సరం ఒక శిక్షణలో మాకు తెర మీద ఒక బడిని చూపించారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది. మనకంటే ఎండలు, మనకంటే పేదరికం. ఆ దేశంలో గాందో అనే పల్లె. ఆ పల్లె బడి గురించి ఇంటికి పోయినాక మా పాపతో ఫోనులో వెతికించి మళ్లీ మళ్లీ విన్నాను. అది మీకు చెప్పాలి, ఎందుకంటే వినే కొద్దీ అది మన డ్వాక్రా కథ మాదిరే అనిపించింది.

ఆ ఊరి పెద్ద కొడుకు పేరు దియెబెదో ఫ్రాన్సిస్ కెరె. 1965లో పుట్టాడు. అప్పుడు ఆ ఊర్లో బడి లేదు. ఆ ఊరి నుంచి బడికి పోయిన మొదటి పిల్లోడు అతనే. ఏడేళ్లప్పుడు తల్లిని వదిలి తెన్‌కొదొగో అనే పట్నంలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఒక్క గదిలో నూరుమందికి పైగా పిల్లలు, లోపల పొయ్యి మాదిరి వేడి. సెలవులకు ఊరికి వచ్చి మళ్లీ పట్నం పోయేటప్పుడు, ఊర్లోని ఆడవాళ్లందరికీ చెప్పి పోవాలంట. అతను వచ్చి నిలబడితే ఒక్కొక్క అమ్మ తన కొంగులో దాచుకున్న ఆఖరి చిల్లర విప్పి అతని చేతిలో పెట్టేదంట. ఇదంతా అతనే పెద్దయినాక ఒక సభలో చెప్పాడు. ఎందుకిలా ఇస్తున్నారమ్మా అని తల్లిని అడిగితే, నువ్వు చదువుకొని తిరిగి వచ్చి ఊరికి మేలు చేస్తావని వాళ్ల ఆశ అని ఆమె చెప్పిందంట.

అక్కా, ఇది విన్నప్పుడు నాకు మన మొదటి పొదుపు గుర్తుకొచ్చింది. రోజుకు రూపాయి లెక్కన నెలకు ముప్పై రూపాయలు వేసిన రోజులు మీలో చాలామందికి తెలుసు. నేను ఆ తర్వాత చేరినదాన్ని, మా అత్త వేసింది. ఆ ముప్పై రూపాయలను చూసి నవ్వినోళ్లు ఉన్నారు. గాందో ఆడవాళ్లు ఇచ్చిన చిల్లరను కూడా లెక్కల్లో ఎవరూ రాసి ఉండరు. కానీ ఆ ఊరి బడికి మొదటి చందా అదే అని నేను అంటాను.

అతను వడ్రంగం నేర్చుకోవడానికి జర్మనీ పోయాడు. అక్కడే ఇండ్లు కట్టే చదువు చదివాడు. ఆ చదువు పూర్తి కాకముందే, తోటి విద్యార్థుల దగ్గర చందాలు పోగుచేసి, 2001 నాటికి తన ఊర్లో బడి కట్టించాడు. మూడు గదులు వరసగా, గదికి గదికి మధ్య నీడ ఉండే ఖాళీ చోటు. అంతే బడి. ఆ బడికి 2004లో ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2022లో అతనికి ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఇండ్లు కట్టే చదువులో ప్రపంచంలోనే పెద్ద బహుమతి అది. ఆఫ్రికా మనిషికి రావడం అదే మొదలు.

అవార్డుల సంగతి అట్లుండనీ. బడి ఎట్లా కట్టారో చూడండి.

మట్టితో కడదాం అని చెప్పగానే ఊరోళ్లు మొహం వేలాడేసుకున్నారంట. జర్మనీలో చదివొచ్చి మళ్లీ మట్టేనా, మట్టి గోడ ఒక వానాకాలానికి కరిగిపోతుంది కదా అన్నారంట. ఈ మాట మా ఊర్లో కూడా అన్నారు. అచ్చం ఇదే మాట. మా పెద్దాయన ఒకాయన, "గవర్నమెంటోళ్లు సిమెంటు గది ఇస్తారు, మీరు మట్టి గది కట్టి ఊరి పరువు తీస్తారా?" అన్నాడు. మట్టి అంటే పేదరికం, సిమెంటు అంటే బాగుపడటం అని మనకందరికీ మనసులో పడిపోయింది. నేనూ సిమెంటు ఇంట్లోనే ఉంటున్నా, తప్పేం లేదు. కానీ మే నెలలో మా అత్త పగలు నిద్రపోయేది పక్కన ఉన్న పాత మిద్దెలోనే. ఫ్యాను లేకపోయినా చల్లగా ఉంటుంది అని ఆమె కారణం. పరువు కోసం పిల్లల్ని పొయ్యిలో కూర్చోబెట్టాలా అని నేను ఆ పెద్దాయనను అడిగాను.

గాందోలో ఊరోళ్ల భయం కొట్టేయలేదు. కట్టి చూపించారు. కాగితం మీద గీసిన ప్లాను అందరూ చదవలేరు కాబట్టి నేల మీద గీసి చూపించారు. తర్వాత కట్టిన గదులకు మట్టి కమాను నమూనాగా వేసి, దాని మీద మనుషులు ఎక్కి గెంతి మరీ చూశారు. అప్పుడు నమ్మారు. నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర ప్లాను అంటే ఇంజనీరు సారు దగ్గర ఉండే కాగితం. అది ఎట్లుంటుందో పిల్లల తల్లి ఒక్కసారి కూడా చూడదు. బడి స్థలంలో ముగ్గుపిండితో గది గీసి, వాకిలి ఇక్కడ, కిటికీ ఇక్కడ అని చూపిస్తే, ఆ వాకిలికి ఎదురుగా మధ్యాహ్నం ఎండ కొడుతుంది సారూ అని మన ఆడోళ్లే చెప్తారు. మా ఊర్లో ముగ్గు వేసి చూశాం. నిజంగానే కిటికీ వైపు మార్చాల్సి వచ్చింది.

ఇటుక విషయానికి వస్తాను. ఊరి మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, యంత్రంలో పెట్టి నొక్కి ఇటుకలు చేశారు. కాల్చలేదు. కాల్చే పని లేదు కాబట్టి కట్టెలు తగలేసే పని లేదు. ఇట్లాంటి ఇటుక మన దేశంలోనూ చేస్తున్నారు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో మట్టి ఇటుకల పని నేర్పిస్తారు. అయితే ఏ మట్టైనా పనికిరాదు. నల్లరేగడి పనికిరాదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. మన చేన్లలో చూస్తూనే ఉన్నాం కదా, ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు. ఎర్రమట్టిలో ఇసుక పాలు తగినంత ఉండాలి. ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నిండా నీళ్లు పోసి బాగా గిలకొట్టి ఒక రాత్రి కదపకుండా పెట్టాలి. పొద్దునకు ఇసుక అడుగున, దాని మీద మెత్తటి ఒండ్రు, పైన బంకమన్ను పొరలు పొరలుగా కనపడతాయి. మా ఊర్లో నాలుగు చోట్ల మట్టి తెచ్చి నాలుగు సీసాల్లో బడి పిల్లలతోనే ఈ పని చేయించాం. చెరువు కట్ట కింది మట్టిలో బంక ఎక్కువ, గుట్ట పక్క మట్టి సరిగ్గా ఉంది. ఇటుక చేసినాక మూడు నాలుగు వారాలు తడి ఆరిపోకుండా నీడలో కప్పి పెట్టాలి. ఈ తడిపే పని దగ్గరే అందరూ తొందరపడతారు.

కప్పు సంగతి ఇంకా బాగుంటుంది. గాందోలో కూడా పైన వేసింది రేకులే. మన షెడ్డు రేకులే. మరి వాళ్ల గది ఎందుకు చల్లగా ఉంది? రేకు కింద, గది మీద మట్టి ఇటుకలతో ఇంకో కప్పు ఉంది. దానికి సందులు వదిలారు. దానికి చాలా ఎత్తున, సన్నటి ఇనుప కడ్డీలతో చేసిన చట్రాల మీద రేకు నిలబెట్టారు. గదిలో వేడి గాలి సందుల్లో నుంచి పైకి పోయి, రేకు కింద ఖాళీలో నుంచి బయటికి కొట్టుకుపోతుంది. రేకు ఎంత కాలినా ఆ వేడి పిల్లల తల మీద పడదు. రేకు గోడలు దాటి బాగా ముందుకు చాచి ఉంటుంది కాబట్టి వాన గోడకు కొట్టదు, ఎండా కొట్టదు. కరెంటు లేని ఊర్లో ఇది చేశారు. పెద్ద క్రేన్లు లేవు కాబట్టే సన్నటి కడ్డీలు వాడారు. ఊరి మనుషులకే కోసేది, వెల్డింగు చేసేది నేర్పించి చట్రాలు చేయించారు.

మన రాయలసీమ మిద్దె కట్టినోళ్లకు ఈ తెలివి కొత్త కాదు. దూలాలు, దంతెలు పరిచి, మీద మట్టి, ఆ మట్టి మీద చౌడు వేసేవాళ్లు. నీళ్లు దిగకుండా ఆపేది ఆ చౌడే. వానలకు ముందు ఏటా కొత్త చౌడు తట్టలతో మోసి మిద్దె మీద పోసింది ఎవరు? మన అమ్మలు, అవ్వలు. ఏ చౌడు మంచిది, ఏది కాదు అని నోట్లో వేసుకొని చెప్పే అవ్వ మా ఊర్లో ఇప్పటికీ ఉంది. ఆమెను ఏ ఇంజనీరూ అడగలేదు.

గాందోలో నేల సంగతి చెప్పాలి. మట్టి పోసి, ఆడవాళ్లు వరసగా కూర్చొని గంటల తరబడి చెక్కలతో కొట్టి, మళ్లీ రాళ్లతో రుద్ది నున్నగా చేశారు. పాటలు పాడుకుంటూ కొట్టారు. మన గచ్చు నేల, దిమ్మిస కొట్టడం, పేడతో అలకడం అన్నీ ఇట్లాంటివే. ఆ బొమ్మ చూసి శిక్షణలో పక్కనున్న అక్క, "ఇది మనం చేసే పనే కదే" అని గట్టిగా అనేసింది. తర్వాత అదే ఊర్లో గ్రంథాలయం కట్టేటప్పుడు ఆడవాళ్లు ఇండ్ల నుంచి మట్టి కుండలు తెచ్చి ఇచ్చారు. ఆ కుండల్ని కోసి కప్పులో పెడితే ఆ గుండ్రటి రంధ్రాల్లో నుంచి లోపలికి వెలుగు పడుతుంది, వేడి బయటికి పోతుంది.

ఇంక నాకు నచ్చని మాట కూడా చెప్తా. ఆ బడి గురించి ఎక్కడ విన్నా, పిల్లలు రాళ్లు మోశారు, ఆడవాళ్లు దూరం నుంచి నీళ్లు మోశారు, మగవాళ్లు పని నేర్చుకొని బయట కూడా సంపాదించుకున్నారు అని చెప్తారు. ఆ ఊరి సంగతి ఆ ఊరోళ్లకే వదిలేద్దాం. మన ఊర్ల సంగతి మనకు తెలుసు. శ్రమదానం అని మైకులో చెప్పగానే తట్ట పట్టుకొని వచ్చేది ఎవరు? ఆడోళ్లే. తట్ట దించినాక తాపీ పట్టుకునేది ఎవరు? బేల్దారి, అంటే మగాయన. ఆయనకు ఒక కూలి, మనకు ఒక కూలి. శ్రమదానం అయితే మనకు కూలి లేదు, ఆయనకు మాత్రం ఉంటుంది. మా సంఘంలో ఒక చెల్లెలు నిలబడి, "నేను ఒక రోజు శ్రమదానం చేస్తే ఆ రోజు ఇంట్లో కూర ఉండదు అక్కా" అనింది. ఎవరం నోరు ఎత్తలేకపోయాం. అందుకని మా గ్రామ సమాఖ్యలో తీర్మానం రాసుకున్నాం. బడి పనికి ఒక్కో ఇంటి నుంచి ఒక్క రోజు మాత్రమే ఉచితం, అది కూడా మగవాళ్లు, ఆడవాళ్లు అందరికీ. ఆ తర్వాత పనికి వచ్చిన ప్రతి మనిషికీ కూలి ఇవ్వాలి. పిల్లలతో బరువులు మోయించకూడదు.

ఇంకో తీర్మానం, ఆరుగురు సభ్యులు బేల్దారి పని నేర్చుకోవాలి అని. నవ్వకండి. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు తాపీ పని నేర్చుకొని గుంపులుగా ఇండ్లే కడుతున్నారు. వాళ్లూ మన మాదిరి పొదుపు సంఘాలోళ్లే. మట్టి ఇటుక పనికి పెద్ద బలం అక్కర్లేదు, సమానంగా పేర్చే ఓపిక కావాలి.

వాన గురించి అడిగే అక్కలకు బంగ్లాదేశ్ సంగతి చెప్తాను. అక్కడ దినాజ్‌పూర్ జిల్లాలో రుద్రపూర్ అనే ఊర్లో 2005లో మట్టితో, వెదురుతో రెండంతస్తుల బడి కట్టారు. అన్నా హెరింగర్ అనే ఆమె దాని రూపం ఆలోచించింది, ఆమె అప్పుడు చిన్న వయసు మనిషి. మన కంటే ఎక్కువ వానలు పడే దేశం అది. మట్టిలో గడ్డి కలిపి పశువులతో తొక్కించి గోడలు పెట్టారు. కానీ పునాది మాత్రం కాల్చిన ఇటుకతో వేశారు, నేల చెమ్మ మట్టి గోడలోకి ఎక్కకుండా మధ్యలో అడ్డుపొర వేశారు. మట్టి గోడకు శత్రువులు రెండే, కింద నుంచి ఎక్కే చెమ్మ, పై నుంచి కొట్టే వాన. మనకు నాపరాయి ఉంది, గుట్ట రాయి ఉంది. మోకాటి ఎత్తు వరకు రాతి కట్టు కడితే సగం భయం పోతుంది. మిగతా సగానికి చూరు ముందుకు చాచాలి. చెదల సంగతి కూడా మరవకూడదు. మట్టి గోడకు పైన గట్టి సిమెంటు పూత వేసి తెల్లగా చేద్దాం అనేవాళ్లు వస్తారు. వాళ్ల మాట వినొద్దు, ఆ పూత గోడతో కలవదు, లోపల చెమ్మ పట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ఇంజనీరు సారు చూసి ఒప్పుకోకుండా బడిలో ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు. అది పిల్లల తల మీద ఉండే కప్పు. మేం పోయిన నెల ఇంజనీరు ఆఫీసుకు పోయి, సీసాలు, ఎండబెట్టిన ఇటుకలు చూపించాం. ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఒక ఇటుకను నీళ్ల బకెట్లో వేసి మరుసటి రోజు వరకు ఉంచాడు. అది కరగలేదు. పరీక్షకు పంపించి చూద్దాం అన్నాడు. ఇప్పుడు దాని కోసమే ఎదురుచూస్తున్నాం.

ఇప్పుడు సంతకం మాట. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో బడి కమిటీ గురించి ఉంది. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో 2019లో నాడు-నేడు పనులు మొదలైనప్పుడు కాంట్రాక్టరుకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీల చేత పనులు చేయించారు. అంటే కాగితం మీద దారి ఉంది. కానీ మీ ఊరి కమిటీ రిజిస్టరు తెరిచి చూడండి. ఆడవాళ్ల పేర్లు ఉంటాయి. మీటింగులో కూర్చున్నది ఎవరు? ఆమె భర్త. సంతకం ఇంటికి పంపించి పెట్టించుకుంటారు. ఒక ఊర్లో, ఆ ఊరి పేరు చెప్పను, సిమెంటు ఎన్ని బస్తాలు దిగిందో కమిటీలో ఉన్న తల్లికే తెలియదు. ఆమె సంతకం మాత్రం ప్రతి బిల్లు మీదా ఉంది. మనం సంఘంలో నెల నెలా పుస్తకాలు రాసేవాళ్లం. అప్పు ఎవరు తీసుకున్నారు, కంతు ఎవరు కట్టలేదు అని పైసాతో సహా చెప్పేవాళ్లం. బడి దగ్గరికి వచ్చేసరికి లెక్క చూడకుండా ఎందుకు సంతకం పెట్టాలి?

మా ఊర్లో కమిటీలో ఉన్న ఆడవాళ్లు అందరూ సంఘ సభ్యులే. వాళ్లు మీటింగుకు వాళ్లే పోవాలి, భర్తను పంపితే సంఘంలో అడుగుతాం అని రాసుకున్నాం. ఇద్దరికి ఇంట్లో గొడవ అయింది. ఒకామె ఇంటికి మేం ఐదుగురం పోయి వాళ్ల మామతో మాట్లాడాల్సి వచ్చింది. ఆయన కాఫీ ఇచ్చాడు, ఒప్పుకున్నాడా లేదా అనేది ఇంకా తెలియదు. కోడలు మాత్రం పోయిన మీటింగుకు వచ్చింది.

కట్టినాక చూసుకునే పని గురించి కూడా ముందే రాసుకున్నాం. మట్టి గోడ ఏడాదికోసారి చూడాలి, ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడ పూయాలి. సిమెంటు గదికి పగులు వస్తే మంజూరు కోసం ఎదురుచూస్తాం. దీనికి గుట్ట మట్టి, రెండు చేతులు చాలు. వానాకాలానికి ముందు ఒక్కో సంఘం ఒక్కో ఏడాది చూసుకునేట్టు వరస వేసుకున్నాం. మొదటి ఏడు మా సంఘానిది. గ్రామ సమాఖ్య నిధిలో నుంచి దీనికి కొంచెం సొమ్ము వేరుగా పెట్టాలని అడిగాం. అక్కడ ఇంకా ఏకాభిప్రాయం రాలేదు. బడికి పెట్టేది గవర్నమెంటు పని, మన పొదుపు డబ్బు ఎందుకు పెట్టాలి అని రెండు సంఘాలు అంటున్నాయి. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఈ ప్రశ్నను మండల సమాఖ్య ముందు పెడుతున్నా. మీ ఊర్లలో బడికి గానీ, అంగన్‌వాడీకి గానీ సంఘం డబ్బు ఎప్పుడైనా పెట్టారా, ఎట్లా రాసుకున్నారు, తర్వాత తిరిగి వచ్చిందా అనేది మధ్యాహ్నం భోజనాల తర్వాత మాకు చెప్పండి. మా యానిమేటరు పుస్తకం పట్టుకొని కుడి వైపు గుడారం దగ్గర కూర్చుంటుంది.

మట్టి సీసాలు నాలుగు, ఇటుకలు ఆరు, బయట స్టాలులో పెట్టాం. చేత్తో పట్టుకొని చూడండి, గీకి చూడండి, కావాలంటే ఒకటి నీళ్లలో వేసి సాయంత్రం దాకా ఉంచండి. మీ ఊరి మట్టి తెచ్చి ఉంటే ఇవ్వండి, పేరు రాసి సీసాలో వేసి పెడతాం, రేపు పొద్దున ఆఫీసు దగ్గరికి వస్తే పొరలు చూడొచ్చు.